టీబీ మెనింజైటిస్‌లో ఆస్పిరిన్: సగం నమ్మకంతో ఇంకెన్నాళ్లు?

మెదడు పొరలకు టీబీ సోకిన రోగి కేస్ షీట్‌లో స్టెరాయిడ్ కింద "ఆస్పిరిన్ 150 మి.గ్రా., రోజుకొకటి" అన్న లైను కనబడితే ఇప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ లైను లేకపోతే ఎందుకు లేదని కూడా ఎవరూ అడగరు. అదే జబ్బు, అదే దశ, అదే వయసు. ఒక యూనిట్లో చేరితే ఆస్పిరిన్ పడుతుంది, పక్క యూనిట్లో చేరితే పడదు. రాసినవాళ్లను అడిగితే "ఇస్తే మంచిదంటున్నారు కదా" అంటారు. రాయనివాళ్లను అడిగితే "ఇంకా తేలలేదు కదా" అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ పదిహేనేళ్లుగా ఇదే మాట మీద ఉండిపోవడమే నా బాధ.

నేను నరాల జబ్బుల వార్డులో పనిచేసే డాక్టర్ని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ జబ్బులో ఆస్పిరిన్ కొంతమందినైనా పక్షవాతం నుంచి కాపాడుతుందనే నాకు అనిపిస్తుంది. అలా అనిపిస్తోంది కాబట్టే, దాన్ని అలవాటుగా రాసుకుంటూ పోవడం మానేసి, ఎవరికి ఆస్పిరిన్ ఎవరికి ఉత్తుత్తి మాత్ర (మందు లేనిది) అన్నది లాటరీ తేల్చేలా పెద్ద ట్రయల్స్‌లోనే ఇవ్వాలని వాదిస్తున్నాను. నమ్మకం ఉన్నవాడు ట్రయల్ ఎందుకు అడుగుతున్నాడని కొందరు మిత్రులకు వింతగా ఉంది. నమ్మకం లేనివాడికి ట్రయల్‌తో పనేముంది?

ముందు జబ్బు సంగతి. టీబీ అన్ని రూపాల్లోకీ ఇదే క్రూరమైనది. 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1,64,000 మంది పెద్దవాళ్లకు ఈ మెనింజైటిస్ వచ్చిందనీ, వాళ్లలో సుమారు 78,000 మంది చనిపోయారనీ ఒక అంచనా. అంటే దాదాపు సగం. పిల్లల మీద 2014లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం చికిత్స అందినా అయిదుగురిలో ఒకరు దక్కలేదు. బతికినవాళ్లలో సగం మందికి పైగా ఏదో ఒక నరాల లోపం మిగిలింది: చెయ్యి పడిపోవడం, చూపు పోవడం, మాట రాకపోవడం, చదువు ఎక్కకపోవడం. ఊపిరితిత్తుల టీబీకి ఆర్నెల్ల మందులు వేసుకుని మళ్లీ పనిలోకి వెళ్లిపోయినవాళ్లు మనందరికీ తెలుసు. ఇది అలాంటి టీబీ కాదు.

ఇందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఒకటుంది. రోగిని తీసుకొస్తారు. మూడు వారాలుగా జ్వరం, తలనొప్పి, వాంతులు, ఈ మధ్య కాస్త మగత. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేస్తాం. టీబీ అని తేలుతుంది. నాలుగు టీబీ మందులు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతాం. వారం తిరిగేసరికి జ్వరం తగ్గుతుంది, మనిషి కళ్లు తెరిచి పేరు చెబుతాడు, ఇంటివాళ్ల ముఖాల్లోకి కళ వస్తుంది. ఇక గట్టెక్కాడనుకుంటాం. తర్వాత ఒక పొద్దున రౌండ్‌కి వెళ్లేసరికి కుడిచెయ్యి లేవదు, నోరు పక్కకు లాగేసి ఉంటుంది. మందులు పనిచేస్తున్నాయి, క్రిములు చస్తున్నాయి, అయినా పక్షవాతం వచ్చింది. "మందులు బాగా పనిచేస్తున్నాయన్నారు కదా సార్" అని వాళ్ల అన్న అడిగితే, పనిచేస్తున్నాయనే చెప్పాలి. అదే నిజం. ఆ నిజం ఆయనకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే మెదడు అడుగు భాగం చూడాలి. 1933లో ఆర్నాల్డ్ రిచ్, హోవర్డ్ మెకార్డాక్ అనే ఇద్దరు పాథాలజిస్టులు ఒక సంగతి బయటపెట్టారు. టీబీ క్రిమి రక్తంలోంచి నేరుగా మెదడు పొరల మీద దాడి చెయ్యదు. ముందు మెదడు అంచులోనో పొరల్లోనో చిన్న గూడు కట్టుకుంటుంది. అది ఎప్పుడో పగిలి, మెదడు చుట్టూ ఉండే నీటిలోకి క్రిములను వదులుతుంది. అప్పుడు పుట్టే వాపు మెదడు అడుగున జిగురులా, చిక్కటి పొరలా పేరుకుంటుంది. సరిగ్గా అక్కడే మెదడుకు రక్తం తెచ్చే పెద్ద నాళాలన్నీ ఒక వలయంగా కలుస్తాయి. ఆ వలయం నుంచి సన్నటి కొమ్మలు పైకి, మెదడు లోతుల్లోకి వెళతాయి. పెద్ద నాళాలూ కొమ్మల మొదళ్లూ ఆ జిగురులో మునిగిపోతాయి. నాళం గోడకు వాపు వస్తుంది, లోపలి పొర మందమై దారి ఇరుకవుతుంది, ఒక్కోసారి నాళం బిగుసుకుపోతుంది, ఇరుకైన చోట రక్తం గడ్డ కడుతుంది.

ఆ సన్న కొమ్మలకు బదులు దారి లేదు. ఒక కొమ్మ మూసుకుపోతే అది తడిపే చోటు చచ్చిపోవడమే. ఆ చోటు కూడా మామూలు చోటు కాదు. శరీరం సగాన్ని కదిలించే నరాల తీగలన్నీ ఇంటర్నల్ క్యాప్సూల్ అనే సన్నటి సందులోంచి దిగుతాయి. అక్కడ వేలిగోరంత మేర దెబ్బతిన్నా కాలూ చెయ్యీ రెండూ పోతాయి. ఎంఆర్ఐలో మొదట చూసేది అందుకే ఈ ప్రాంతాన్ని: కాడేట్ తల, థాలమస్ ముందు భాగం, క్యాప్సూల్ ముందు కొమ్మ. మామూలు బీపీ, షుగర్ రోగులకు వచ్చే పక్షవాతం కంటే కాస్త ముందుకు, మధ్యకు జరిగి ఉంటుంది. స్కాన్‌లో రక్తం అందక చచ్చిన ఈ మచ్చల తీరు చూసి, మిగతా పరీక్షలు రాకముందే టీబీని అనుమానించిన సందర్భాలు చాలామంది న్యూరాలజిస్టులకు ఉంటాయి.

టీబీ మందులు క్రిమిని చంపుతాయి. ఆ జిగురును కరిగించవు. చచ్చిన క్రిమి ముక్కలు సైతం వాపును రెచ్చగొడతాయి. మరి వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ ఇస్తున్నాం కదా అంటే, ఇస్తున్నాం. దానికి గట్టి ఆధారమే ఉంది. వియత్నాంలో 545 మంది మీద చేసి 2004లో ప్రచురించిన ట్రయల్‌లో డెక్సామెథసోన్ మరణాలను 41 శాతం నుంచి 32 శాతానికి తగ్గించింది. అయితే బతికినవాళ్లలో తీవ్రమైన వైకల్యం తగ్గినట్టు కనబడలేదు. ప్రాణం నిలిపింది గానీ చెయ్యి నిలపలేదు. ఆస్పిరిన్ గురించిన ఆలోచన పుట్టింది ఈ ఖాళీలోంచే.

ఆస్పిరిన్ తీరు గురించి బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చెప్పిన దానికి 1982లో నోబెల్ వచ్చింది. శరీరంలో వాపు తెప్పించే ప్రోస్టాగ్లాండిన్లు, రక్తం గడ్డకట్టించే థ్రాంబాక్సేన్ తయారుచేసే ఎంజైముకు ఆస్పిరిన్ అతుక్కుని దాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్ కణానికి కేంద్రకం ఉండదు కాబట్టి కొత్త ఎంజైము తయారుచేసుకోలేదు. ఒకసారి మొద్దుబారిందంటే, అది బతికే వారం పది రోజులూ అంతే. దీనికి రోజూ 75, 81, 150 మి.గ్రా. లాంటి చిన్న మోతాదు చాలు. మోతాదు బాగా పెంచి గ్రాము దాకా తీసుకెళితే వేరే పని కూడా మొదలవుతుంది. వాపును అణచడమే కాక, వాపును తనంతట తాను సద్దుమణిగేలా చేసే ప్రొటెక్టిన్లు, రిజాల్విన్లు అనే కొవ్వు పదార్థాలు ఎక్కువగా పుడతాయి. అంటే మనం ఒకే పేరుతో పిలుస్తున్న మందు నిజానికి మోతాదును బట్టి రెండు రకాల మందు. ఈ తేడాను పట్టించుకోకుండా "ఆస్పిరిన్ ఇవ్వాలా వద్దా" అని అడిగితే ప్రశ్నే సగం.

ఇక ఆధారాలు. లక్నోలోని సంజయ్ గాంధీ పోస్ట్‌గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉషాకాంత్ మిశ్రా, జయంతీ కలిత బృందం 118 మంది రోగుల మీద 150 మి.గ్రా. ఆస్పిరిన్ పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించింది. మూడు నెలల్లో పక్షవాతం ఆస్పిరిన్ వాడినవాళ్లలో 24 శాతానికి, వాడనివాళ్లలో 43 శాతానికి వచ్చింది. తేడా పెద్దదే, కానీ యాదృచ్ఛికంగా కూడా రాగల తేడా. మరణాలు మాత్రం 43 శాతం నుంచి 22కు పడిపోయాయి. ఆ తేడా లెక్కకు నిలబడింది.

ఈ ఫలితం నాకు ఒకేసారి ఆశా, అనుమానమూ కలిగిస్తుంది. ఆస్పిరిన్ చెయ్యాల్సిన పని పక్షవాతాన్ని ఆపడం. ఆ పని చేసిందో లేదో గట్టిగా తేలలేదు, కానీ దాని ద్వారా రావలసిన ప్రాణరక్షణ మాత్రం తేలింది! పైగా మరణాలను సగానికి సగం తగ్గించే మందులు వైద్యంలో చాలా చాలా అరుదు. చిన్న ట్రయల్‌లో అంత పెద్ద మేలు కనబడితే, నిజం అందులో కొంతే అయి ఉంటుందని అనుభవం చెబుతోంది. ఎవరు ఏ మందు తీసుకుంటున్నారో వైద్యులకు తెలిసిన ట్రయల్ కావడం ఇంకో బలహీనత. ఇది ఆ బృందాన్ని తప్పుపట్టడం కాదు. ఎవరూ అడగని ప్రశ్నను వాళ్లు మొదట అడిగారు. దాన్ని అందుకుని పది రెట్లు పెద్ద ట్రయల్ మర్నాడే మొదలుపెట్టాల్సింది మిగతా ప్రపంచం.

మర్నాడు అలాంటిదేమీ జరగలేదు. 2011లో దక్షిణాఫ్రికా నుంచి పిల్లల ట్రయల్ వచ్చింది. 146 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆస్పిరిన్ లేదు. ఒక గుంపుకు రోజుకు 75 మి.గ్రా. మూడో గుంపుకు కిలో బరువుకు 100 మి.గ్రా., అంటే 15 కిలోల బిడ్డకు రోజుకు గ్రామున్నర. నెల రోజులు ఇచ్చారు. మరణాల్లో గానీ, కాళ్లూ చేతుల బలంలో గానీ, ఎదుగుదలలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్కువ మోతాదు పడ్డ గుంపులో పిల్లలు ఇంకా చిన్నవాళ్లు, జబ్బూ ముదిరినవాళ్లు. అయినా మిగతావాళ్లతో సమానంగా బయటపడ్డారు. అది ఆస్పిరిన్ చేసిన మేలేనా? కావచ్చు, కాకపోవచ్చు. ఆ ట్రయల్‌లో ఒక బిడ్డ మరణానికి ఆస్పిరినే కారణం కావచ్చని పరిశోధకులే రాశారు. దాన్ని దాచకుండా రాసినందుకు వాళ్లంటే నాకు గౌరవం.

మూడోది 2018లో వియత్నాంలోని హో చి మిన్ సిటీ నుంచి వచ్చింది. హెచ్ఐవీ లేని 120 మంది పెద్దవాళ్లను మూడు గుంపులు చేశారు. ఉత్తుత్తి మాత్ర, 81 మి.గ్రా., 1000 మి.గ్రా. అరవై రోజులు. అందరికీ డెక్సామెథసోన్ ఉంది. అరవై రోజుల్లోపు మెదడులో కొత్త మచ్చ రావడం లేదా చనిపోవడం అన్నది ఉత్తుత్తి మాత్ర గుంపులో 29 శాతం, 81 గుంపులో 22 శాతం, 1000 గుంపులో 16 శాతం. మెట్లు మెట్లుగా చక్కగా దిగుతోంది, కానీ మనుషుల లెక్కలో ఇది 38 మందిలో 11, 36 మందిలో 8, 38 మందిలో 6. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే మెట్లు మాయమవుతాయి. వెన్నునీటి పరీక్షలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. మోతాదు పెరిగేకొద్దీ థ్రాంబాక్సేన్ తగ్గింది, ప్రొటెక్టిన్లు పెరిగాయి. మందు చేరాల్సిన చోటికి చేరుతోంది, చెయ్యాల్సిన రసాయనం చేస్తోంది.

ఆ ట్రయల్‌లో అందరూ ఎత్తిచూపే అంకె ఇంకొకటుంది. ల్యాబ్‌లో టీబీ అని ఖాయంగా తేలినవాళ్లను మాత్రమే తీసుకుంటే తేడా బాగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది: 34 శాతం, 15 శాతం, 11 శాతం. సమావేశాల్లో ఈ స్లైడ్ రాగానే గదిలో తలలు ఊగుతాయి. నా తల కూడా ఊగుతుంది, ఎందుకంటే తర్కం సరిగ్గా ఉంది. టీబీ కాని జ్వరాలు కలవకపోతే మందు ప్రభావం శుభ్రంగా కనబడాలి. అయినా ఇక్కడే ఆగి ఒక పాత ట్రయల్ గుర్తుచేసుకోవడం మంచిది.

1988లో వచ్చిన ఐసిస్-2 ట్రయల్‌లో గుండెపోటు వచ్చిన 17,187 మంది ఉన్నారు. నెల రోజుల ఆస్పిరిన్ గుండె, రక్తనాళాల మరణాలను 23 శాతం తగ్గించింది. ఈ రోజు గుండెపోటు అనగానే ఆస్పిరిన్ నోట్లో వేస్తున్నామంటే ఆ ట్రయల్ చలవే. మేలు ఎవరికి ఎక్కువో చెప్పడానికి రోగులను చిన్న చిన్న గుంపులుగా విడగొట్టమని పత్రిక అడిగితే, ఆ పరిశోధకులు రాశుల వారీగా కూడా విడగొట్టి చూపించారు. మిథున, తులా రాశుల వాళ్లకు ఆస్పిరిన్ వల్ల కాస్త చెడే జరిగినట్టు లెక్క వచ్చింది. పదిహేడు వేల మందిలోనే విడగొడితే ఇలాంటివి పుట్టుకొస్తే, 120 మందిలోంచి తీసిన 87 మంది మీద ఎంత బరువు మోపగలం? ల్యాబ్‌లో తేలినవాళ్ల గుంపుకు రాశుల కంటే ఎంతో మంచి తర్కం ఉంది, ఒప్పుకుంటాను. కానీ తర్కం ఉన్నంత మాత్రాన అంకె గట్టిపడదు.

మూడు ట్రయల్స్ కలిపినా 384 మంది. అందులో ఆరు రకాల గుంపులు, అయిదు మోతాదులు, పిల్లలూ పెద్దలూ, నెల నుంచి మూడు నెలల దాకా. మామూలు పక్షవాతంలో ఆస్పిరిన్ పనిచేస్తుందని తేల్చడానికి 1997లో రెండు ట్రయల్స్ అవసరమయ్యాయి. రెండిట్లో కలిపి నలభై వేల మంది రోగులు. అక్కడ తేలిన మేలు వెయ్యి మందికి సుమారు తొమ్మిది మంది. మన జబ్బులో మరణాలు ఎక్కువ కాబట్టి అన్ని వేలు అక్కర్లేదు. మరణాలు 40 శాతం నుంచి 32కు తగ్గుతాయనుకుని మామూలు పద్ధతిలో లెక్కేస్తే రెండు వైపులా కలిపి సుమారు 1,100 మంది సరిపోతారు. ఏటా లక్షన్నర మందికి పైగా పెద్దవాళ్లకు వచ్చే జబ్బులో 1,100 మంది. ఇది కుదరని పని కాదు. కుదుర్చుకోని పని.

"చచ్చిపోయే జబ్బండీ. ఆస్పిరిన్ వల్ల పోయేదేముంది? ఇచ్చేస్తే పోలా?" అనే వాదన నేను చాలాసార్లు విన్నాను. మంచి మనసుతో అనేవాళ్లే ఎక్కువ. కానీ పోయేది ఉంది. ఈ రోగులు ఇప్పటికే ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ మీద ఉంటారు. స్టెరాయిడ్‌కు ఆస్పిరిన్ తోడైతే కడుపులో పుండు పడి రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది. మగతలో ఉన్న మనిషి కడుపునొప్పి అని చెప్పలేడు. ముక్కులోంచి వేసిన ట్యూబులో కాఫీ రంగు కనబడినప్పుడే మనకు తెలిసేది. ఇంకోటి, వీళ్లలో చాలామందికి మెదడులో నీరు చేరుతుంది. రాత్రికి రాత్రి షంట్ (ఆ నీటిని మళ్లించే గొట్టం) వెయ్యాల్సి రావచ్చు. న్యూరోసర్జన్ ఫోన్ చేసి మొదట అడిగేది "ఆస్పిరిన్ మీద ఉన్నాడా?" అనే. ఉన్నాడంటే ఆపి లాభం లేదు. మొద్దుబారిన ప్లేట్‌లెట్లు ఇంకా వారం ఉంటాయి. వాటితోనే పుర్రెకు రంధ్రం పెట్టాలి. పిల్లల్లో అయితే ఫ్లూ, చికెన్‌పాక్స్ సమయంలో ఆస్పిరిన్‌తో ముడిపడిన రై సిండ్రోమ్ అనే ప్రాణాంతక సమస్య ఉంది. 1980లలో దేశాలకు దేశాలే పిల్లలకు ఆస్పిరిన్ వద్దని హెచ్చరించింది అందుకే.

120 మందితో చేసిన ఆ వియత్నాం ఆస్పిరిన్ ట్రయల్‌లో రక్తస్రావం గణనీయంగా పెరగలేదు, నిజమే. గుంపుకు నలభై మంది ఉన్నచోట పెరగలేదనడానికి అర్థం ఎంత? ఆస్పిరిన్ ఏమీ చెయ్యదులే అన్న ధీమాను 2018లో వచ్చిన ఆస్ప్రీ ట్రయల్ కూడా సడలించింది. అందులో 19,114 మంది ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువాళ్లలో సగం మందికి చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తే చెప్పుకోదగ్గ మేలు లేకపోగా పెద్ద రక్తస్రావాలు పెరిగాయి. వాళ్లూ మన రోగులూ ఒకటి కాదు. కానీ చిన్న మాత్ర కదా అని తేలిగ్గా తీసుకోకూడదని అది చెప్పింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మేలు చేస్తుందని నమ్ముతూ లాటరీలో సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం అన్యాయం కాదా? దీన్ని నేను చాలా ఆలోచించాను. నా జవాబు, ఇప్పుడు జరుగుతున్నది కూడా లాటరీయే. రోగి ఏ రోజు చేరాడు, ఏ యూనిట్ డ్యూటీలో ఉంది, ఆ యూనిట్ పెద్ద ఏ సమావేశంలో ఏ స్లైడ్ చూశారు అన్నదాన్ని బట్టి ఆస్పిరిన్ పడుతోంది. ఈ లాటరీలో చీటీలు మాత్రం ఎవరూ దాచరు. వెయ్యి మందికి ఇచ్చాక కూడా, వెయ్యి మందికి ఇవ్వకుండా ఉన్నాక కూడా, మనం 2010లో ఎంత తెలుసుకున్నామో అంతే తెలుసుకుని ఉంటాం. ఇంకో సంగతి కూడా ఉంది. ఇష్టాన్ని బట్టి రాసినప్పుడు, బాగా ఉన్న రోగికి రక్తస్రావం భయం లేదని ఆస్పిరిన్ రాస్తాం, షంట్ పడేలా ఉన్నవాడికి రాయం. తర్వాత పాత కేస్ షీట్లు తీసి లెక్కేస్తే ఆస్పిరిన్ వాడినవాళ్లు బాగున్నట్టు కనబడుతుంది. ఎందుకు కనబడదు, బాగున్నవాళ్లకే ఇచ్చాం కదా. ఇలాంటి లెక్కలు ఎన్ని పోగుచేసినా ట్రయల్‌కు బదులు కావు.

ఈ జబ్బు చరిత్ర చూసినా అదే పాఠం. స్టెరాయిడ్లను 1950ల నుంచే వాడుతున్నారు. యాభై ఏళ్లు "ఇవ్వాలి", "ఇవ్వకూడదు" అంటూ చిన్న చిన్న ట్రయల్స్‌తో కొట్టుకున్నారు. 545 మందితో ఒక్క మంచి ట్రయల్ రాగానే చర్చ ఆగింది. తర్వాత హెచ్ఐవీ ఉన్నవాళ్లకూ అదే వర్తిస్తుందని అందరం ఇచ్చుకుంటూ పోయాం. వియత్నాం, ఇండోనేషియాల్లో 520 మంది మీద చేసి 2023లో ప్రచురించిన ట్రయల్‌లో ఏడాదికి మరణాలు డెక్సామెథసోన్‌తో 44 శాతం, లేకుండా 49 శాతం. మేలుందని చెప్పడానికి ఆ తేడా చాలలేదు. టీబీ మందులే గట్టిగా ఇస్తే పోలేదా అని రిఫాంపిసిన్ మోతాదు పెంచి, లెవోఫ్లాక్ససిన్ కలిపి 817 మంది మీద పరీక్షించారు. 2016లో ఫలితం వచ్చింది. రెండు వైపులా మరణాలు దాదాపు సమానం. తర్కం ఆస్పిరిన్‌కు ఎంత బాగుందో దానికీ అంతే బాగుంది.

సరైన దారిలో నడిచే ప్రయత్నాలు లేకపోలేదు. ఇంటెన్స్-టీబీఎం అనే ట్రయల్‌ను ఐవరీ కోస్ట్, మడగాస్కర్, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 768 మందితో, రోజుకు 200 మి.గ్రా. ఆస్పిరిన్‌తో రూపొందించారు. పిల్లల కోసం ష్యూర్ అనే ట్రయల్‌ను ఇండియా, వియత్నాం, ఉగాండా, జాంబియా, జింబాబ్వేల్లో 400 మందితో రూపొందించారు. అందులో ఆస్పిరిన్ మోతాదు ఎక్కువ. రెండిట్లోనూ టీబీ మందుల మార్పును, ఆస్పిరిన్‌ను ఒకే ట్రయల్‌లో విడివిడిగా తేల్చుకునే ఏర్పాటు ఉంది. తెలివైన పద్ధతి. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. పెద్దవాళ్లలో గ్రాము ఆస్పిరిన్, 81 మి.గ్రా. కంటే మెరుగా? వియత్నాం వెన్నునీటి ఫలితాలు నిజంగా లేవనెత్తింది ఈ ప్రశ్నే. దీనికి 200 మి.గ్రా. ట్రయల్ జవాబివ్వదు. మోతాదుల మధ్యే లాటరీ వేసే పెద్ద ట్రయల్ కావాలి. అందులో మరణంతో పాటు ఆర్నెల్లకు రోగి తన పని తాను చేసుకోగలుగుతున్నాడా అన్నది కూడా ముందే రాసిపెట్టుకున్న ఫలితం కావాలి. మచ్చ పరిమాణం కొలిచి వదిలెయ్యకూడదు. ఇంటివాళ్లు అడిగేది మచ్చ గురించి కాదు.

ఈలోపు రేపు పొద్దున వార్డులోకి వచ్చే రోగి సంగతేంటి? ట్రయల్ ఉన్న ఆసుపత్రి అయితే ట్రయల్‌లో చేర్చమని అడగడమే. లేనిచోట నేను పాటించేది చెబుతాను, ఇది మార్గదర్శకం కాదు. పెద్దవాళ్లలో, టీబీ అని నమ్మకంగా తేలాక, స్కాన్‌లో రక్తస్రావం లేదని, షంట్ అవసరం ఇప్పట్లో లేదని చూసుకున్నాక, నాళాలు ఇరుకైనట్టో కొత్త మచ్చ పడినట్టో ఆధారం ఉంటే చిన్న మోతాదు ఆలోచిస్తాను. కడుపు కాపాడే మందు తోడుగా ఉంటుంది. ఇది ఇంకా తేలని చికిత్స అని ఇంటివాళ్లకు చెబుతాను. "గుండె బాగానే ఉంది కదా సార్, గుండె మాత్ర ఎందుకు?" అని అడుగుతారు. కూర్చోబెట్టి నాళాల బొమ్మ గీసి చూపిస్తే అర్థం చేసుకుంటారు. తేలలేదని చెప్పినా వాళ్ల నమ్మకం పోదు. దాచి ఉంచితేనే పోతుంది. పిల్లలకు ట్రయల్ బయట నేను ఇవ్వను. గ్రాము మోతాదు ఎవరికీ ట్రయల్ బయట ఇవ్వను. ఇంట్లో తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకుని ఆగడం గురించి ఇక్కడ మాట్లాడటం లేదని కూడా చెప్పాలి. వారం దాటిన జ్వరం, తలనొప్పి, దానికి తోడు వాంతులూ మగతా ఉంటే చెయ్యాల్సిన పని ఆసుపత్రికి వెళ్లడం. తెలివిలో ఉండగా మందులు మొదలైన రోగికీ, స్పృహ తప్పాక మొదలైన రోగికీ మధ్య ఉన్న తేడాను ఏ ఆస్పిరినూ పూడ్చలేదు. మొదటి ఎంఆర్ఐలోనే మచ్చలు పడి వచ్చేవాళ్లు ఎందరో. చచ్చిన భాగాన్ని ఏ మాత్రా తిరిగి తేలేదు.

చివరిగా, ఆస్పిరిన్ రాసే ప్రతి డాక్టర్‌నీ, ట్రయల్ ఉన్నా లేకున్నా, ఒక్కటి అడుగుతున్నాను. డిశ్చార్జి కాగితం మీద మోతాదు పక్కన ఆపే తేదీ రాయండి. ట్రయల్స్‌లో నెల ఇచ్చారు, అరవై రోజులు ఇచ్చారు, మూడు నెలల దగ్గర ఫలితం చూశారు. టీబీ మందులు ఏడాది సాగుతాయి, స్టెరాయిడ్‌ను ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గించుకుంటూ ఆపుతాం, దాని తేదీలు వారాల వారీగా రాస్తాం. ఆస్పిరిన్ ఎదురుగా మాత్రం "కంటిన్యూ" అని ఉంటుంది. ఏడాది తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, టీబీ మందులన్నీ అయిపోయినా ఆ ఒక్క మాత్ర ఇంకా వేసుకుంటూనే ఉంటారు. ఎందుకు వేసుకుంటున్నారని అడిగితే, ఎవరూ ఆపమనలేదు సార్ అంటారు.